పక్షవాతం తర్వాతి ఇల్లు

25 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పక్షవాతం వస్తుందని ప్రపంచవ్యాప్త అంచనా. అయినా మనం దాన్ని ముసలితనపు జబ్బుగానే లెక్కేస్తుంటాం. అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినోత్సవం. ఈ సంచికకు అదొక సాకు మాత్రమే.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా గడువు నాలుగున్నర గంటలే. ఈ మాట ఎన్నిసార్లు అచ్చేసినా తక్కువే.

మా దృష్టి మాత్రం ఆ తర్వాతి కాలం మీద ఉంది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి మాట దెబ్బతింటుంది. ఎదురుగా ఉన్నది మనవడని తెలుసు, పేరే నోటికి రాదు. చూసేవాళ్లు మతి పోయిందంటారు. దిగులుతో ముద్ద ముట్టకపోతే మొండితనమంటారు. డిశ్చార్జి కాగితంలో బీపీ మాత్రలుంటాయి గానీ, మనిషిని మంచం మీంచి బాత్రూమ్ దాకా ఎలా నడిపించాలో చాలాసార్లు ఉండదు. అది నేర్చుకునేది ఎక్కువగా భార్యలూ కోడళ్లూ. వాళ్ల నడుంనొప్పి ఏ రిపోర్టుకూ ఎక్కదు.

అందుకే ఈసారి జబ్బుపడి లేచినవారికీ, వారిని లేపి నిలబెట్టినవారికీ ఎక్కువ పేజీలిచ్చాం. కొన్నిచోట్ల వాక్యాలు మధ్యలో తెగిపోతాయి. వాటిని మేం సరిదిద్దలేదు.