స్థూలకాయం: నేరమా? వ్యాధియా?

"తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అన్నది మన సామెత. లావుగా ఉన్న మనిషి కనబడగానే అతడు తిండిపోతు అనీ, సోమరి అనీ తీర్పు చెప్పడం మనకు అలవాటు. తరగతిలో అతడు బకాసురుడు, వీధిలో 'మోటూ'. అంగవైకల్యం గలవారిని ఎగతాళి చేయడం అనాగరికమని ఒప్పుకొన్న సంఘం, స్థూలకాయుని ఎగతాళి చేయడాన్ని మాత్రం నేటికీ వినోదంగానే భావిస్తున్నది.

ఈ పరిహాసం నేటిది కాదు. పదవ శతాబ్దంలో స్పెయిన్ దేశంలోని లియోన్ రాజ్యాన్ని ఏలిన మొదటి సాంచోను స్థూలకాయం కారణంగానే ప్రభువర్గం సింహాసనం నుండి తొలగించిందని చరిత్రకారులు చెబుతారు. ఆయన కార్డోవా నగరానికి వెళ్లి, ఖలీఫా మూడవ అబ్దుర్ రహ్మాన్ కొలువులోని యూదు వైద్యుడు హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ వద్ద చికిత్స పొంది, శరీరం తగ్గించుకొని, ఖలీఫా సాయంతో రాజ్యాన్ని తిరిగి పొందాడు. ఇతరులు దోషిని చూచిన చోట ఆ వైద్యుడు రోగిని చూచాడు.

నేటి వైద్యశాస్త్రం సమర్థించేది ఆ వైద్యుని దృష్టినే. ఉపవాసాలతో బరువు తగ్గించుకోబోతే శరీరం ఎదురుతిరుగుతుంది. ఆకలి పెరుగుతుంది, శక్తివ్యయం తగ్గుతుంది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్న గ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా జీర్ణాశయంలో పుట్టి మెదడుకు ఆకలి కబురు చేరవేస్తుంది. కనుక తీవ్రమైన స్థూలకాయాన్ని మనోబలంతో మాత్రమే జయించమనడం, జ్వరాన్ని మనోబలంతో దించుకోమన్నట్లే ఉంటుంది.

ఇట్టివారికి నేడు బేరియాట్రిక్ శస్త్రచికిత్స అందుబాటులో ఉన్నది. పూర్వం దీనికి పొట్టను నిలువునా కోసేవారు. 1990వ దశకం నుండి లాపరోస్కోపీ పద్ధతి ప్రవేశించింది. పొట్టపై నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఉదరాన్ని ఉబ్బించి, సన్నని కెమెరా సాయంతో లోపలి భాగాలను తెరమీద చూస్తూ పని సాగిస్తారు. 'స్లీవ్' పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు తొలగించి, అరటిపండు ఆకారంలో ఒక గొట్టాన్ని మిగులుస్తారు. గ్రెలిన్ పుట్టే భాగం చాలావరకు పోతుంది గనుక ఆకలి సైతం తగ్గుతుంది. అనేకులలో మధుమేహం కూడ అదుపులోకి వస్తుంది.

"కష్టపడలేనివారు కత్తిని ఆశ్రయిస్తారు" అని కొందరి ఆక్షేపణ. ఇది అన్యాయం. శస్త్రచికిత్స తర్వాత కొన్ని వారాలు ద్రవాహారమే గతి. పిమ్మట కూడ కొద్ది ముద్దలే. అవైనా నమిలి నమిలి తినాలి. విటమిన్లు, ఇనుము, కాల్షియం జీవితాంతం వాడాలి. నియమం తప్పితే బరువు తిరిగి రావచ్చు. ఇంతటి క్రమశిక్షణను సోమరితనమనడం భావ్యమా?

అట్లని ఇది అందానికి అడ్డదారి కూడ కాదు. రక్తస్రావం, కుట్లు వేసిన చోట లీకు, రక్తనాళాలలో గడ్డలు వంటి అపాయాలు అరుదుగానైనా ఉన్నవి. కోసి తీసిన జీర్ణాశయం మరల రాదు. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు సవరించిన సూచనల ప్రకారం బాడీ మాస్ ఇండెక్స్ 35, మన ఆసియావారికైతే 27.5 దాటినవారికి ఈ చికిత్సను సూచించవచ్చు. అంతేగాని పెండ్లినాటికి నాజూకుగా కనబడాలని ఆశించేవారి కోసం ఇది పుట్టలేదు. 'ముందు, తర్వాత' అని రెండు ఛాయాచిత్రాలు చూపి ఆశపెట్టే ప్రకటనలను చూచి మోసపోరాదు.

పెండ్లి మాట వచ్చింది గనుక ఒక్క విషయం. ఆడపిల్ల ఈ చికిత్స చేయించుకొన్నదని తెలిస్తే సంబంధం తప్పిపోతుందన్న భయంతో తల్లిదండ్రులు దానిని దాచిపెట్టడం ప్రమాదకరం. చికిత్స తర్వాత ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భం ధరించరాదని వైద్యుల హెచ్చరిక. సంగతి తెలియని అత్తవారింట ఆ అమ్మాయి తన మందులను ఎవరికీ కనబడకుండా మింగాలా? "ఏమమ్మా, ఇంకా విశేషం లేదా?" అన్న ప్రశ్నకు ఏమని బదులివ్వాలి? సంఘానికి వెరచి దాచిన రహస్యం తల్లికీ బిడ్డకూ ముప్పు కావచ్చు.

మన దావత్‌లలో కొసరి కొసరి వడ్డించడం మర్యాద. "మా యింటి బిర్యానీ రుచించలేదా?" అని నిష్ఠూరమాడడం ఆప్యాయత. ఇకనైనా, చాలునన్న అతిథి మాటను మన్నించడం అంతకంటె గొప్ప మర్యాదగా నేర్చుకొందాం.

చాలావరకు స్థోమత గలవారికే పరిమితమైన ఈ చికిత్సను ప్రభుత్వ వైద్యశాలలలో నిజమైన అర్హులందరికీ అందించవలసిన బాధ్యత పాలకులది. తోటి విద్యార్థికి పెట్టిన ఎగతాళి పేరును నేడే మానుకోవలసిన బాధ్యత మాత్రం విద్యార్థులారా, మీది. దానికి వైద్యుడు అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు.