జాక్ దొంగే బాబూ!

ఈమధ్య పిల్లల పుస్తకాల్లో తోడేళ్ళు కూడా శాకాహారులైపోయాయి. మూడు పందిపిల్లల కథే చూడండి. గడ్డి ఇల్లు కూలగానే మొదటిది రెండోదాని ఇంటికి, అక్కణ్ణుంచి రెండూ కలిసి మూడోదాని ఇంటికి పరుగో పరుగు. ఎవరికీ ఏమీ కాదు. తోడేలు కూడా తోక కాల్చుకుని పారిపోతుంది, అంతే.

1890లో జోసెఫ్ జేకబ్స్ వేసిన ఇంగ్లీషు కథల పుస్తకంలో ఇలా లేదండీ. అక్కడ తోడేలు మొదటి రెండు పందుల్నీ తినేస్తుంది. మూడోది, చిమ్నీలోంచి దిగిన తోడేల్ని ఉడకబెట్టి రాత్రి భోజనంలోకి లాగించేస్తుంది! నేనైతే పడీ పడీ నవ్వాను. కానీ కథకి ప్రాణం అక్కడే ఉంది. గడ్డితో కట్టినా ఏమీ కానప్పుడు ఇటుకలెందుకు? టెస్టింగ్ ఎగ్గొట్టినా ప్రొడక్షన్‌లో ఏం కాదులే అని ఫ్రెషర్లకి చెప్పినట్టుంది.

"పిల్లలు జడుసుకుంటారండీ" అంటారు. పారిపోయిన తోడేలు రేపు మళ్ళీ రాదని గ్యారంటీ ఏంటట? ఉడికిపోయిన తోడేలైతే ఆ బెంగ లేదు.

అయినా నా అసలు గొడవ రక్తం తుడిచేవాళ్ళతో కాదు, నీతి అంటించేవాళ్ళతో. చిక్కుడు తీగ ఎక్కిన జాక్‌నే తీసుకోండి. ముక్కూ మొహం తెలీని ఇంట్లో దూరతాడు. ఆ ఇంటావిడ తిండి పెట్టి, మొగుడి కంట పడకుండా దాస్తుంది. అందుకు మనవాడు ఒకసారి బంగారం, ఇంకోసారి బంగారు గుడ్లు పెట్టే కోడి, మూడోసారి పాటలు పాడే హార్ప్ ఎత్తుకెళ్తాడు. ఆ హార్ప్ యజమానిని పిలుస్తూ గోల పెడుతున్నా వదలడు. సొమ్ము కోసం వెంటపడ్డ రాక్షసుణ్ణి తీగ నరికి చంపేస్తాడు. సెక్షన్లన్నీ లెక్కేస్తే బెయిలు కూడా రాదు.

దీనికి 1807లో బెంజమిన్ టాబర్ట్ పుస్తకంలో ఓ ప్యాచ్ వేశారు. ఒక దేవత ప్రత్యక్షమై, ఆ రాక్షసుడే మీ నాన్నని చంపి ఆస్తి కాజేశాడని జాక్‌కి చెబుతుంది. ఇంకేం, దొంగతనం కాస్తా న్యాయపోరాటం అయిపోయింది! జేకబ్స్ ఆ ప్యాచ్ లేకుండా, చిన్నప్పుడు ఆస్ట్రేలియాలో తను విన్న కథనే రాశాడు.

నాకు జేకబ్స్ జాకే నయం. వాడు దొంగని నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుస్తుంది. నవ్వుకుంటూనే "తప్పు కదా నాన్నా" అంటుంది. టాబర్ట్ జాక్ అలా కాదు. అవతలివాడు చెడ్డవాడని ఎవరో ఒకరు చెబితే చాలు, వాణ్ణి దోచుకోవచ్చు, చంపొచ్చు, పైగా మంచివాడనిపించుకోవచ్చు అని నేర్పుతాడు. ఈ రెండిట్లో ఏది చీకటి కథో మీరే చెప్పండి.

పిల్లలకి తోడేలు కూర వడ్డించండి, అరిగిపోతుంది. ఆ దొంగ నీతి మాత్రం పెట్టకండి.