జడ్జి పదవికి మనవాళ్ళు పోటీ చేయరా?

అధ్యక్షుడికి, సెనేటర్‌కి ఓటేసి, ఆ కింద ఉన్న పేర్లు చూడకుండానే బయటికి వచ్చేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. టెక్సాస్‌లో ఆ కింది పేర్లలో ఎక్కువ భాగం జడ్జీలవే. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో అయితే ఆ జాబితా ఎంతకీ తెమలదు. ఒకప్పుడు పార్టీ పేరు మీద ఒక్కసారి నొక్కితే ఆ పార్టీ వాళ్ళందరికీ ఓటు పడిపోయేది. 2020 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు ఒక్కొక్క పేరూ చూసి ఓటెయ్యాలి, లేదా ఖాళీగా వదిలెయ్యాలి.

జడ్జి ఇంటింటికీ తిరిగి ఓట్లు అడగడమేమిటని ఇండియా నుంచి వచ్చిన మనకి వింతగానే ఉంటుంది. ఆ అనుమానం ఉత్తది కాదు. 2004లో వెస్ట్ వర్జీనియాలో ఒక బొగ్గు కంపెనీ అధిపతి, తన కంపెనీ మీద వచ్చిన 5 కోట్ల డాలర్ల తీర్పు అప్పీలుకి వెళ్ళబోతుండగా, రాష్ట్ర సుప్రీంకోర్టుకి పోటీ చేస్తున్న ఒక అభ్యర్థి కోసం దాదాపు 30 లక్షల డాలర్లు ఖర్చు పెట్టాడు. ఆ అభ్యర్థి గెలిచాడు, ఆ అప్పీలు విన్నాడు, కంపెనీకి అనుకూలంగా ఓటేశాడు. ఆయన ఆ కేసు నుంచి తప్పుకోవాల్సిందని 2009లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పాల్సి వచ్చింది. 2025లో విస్కాన్సిన్‌లో ఒక్క సుప్రీంకోర్టు సీటు కోసం రెండు పక్షాలూ కలిపి 10 కోట్ల డాలర్ల పైన కుమ్మరించాయి. మంచి పద్ధతి అని మేమూ అనం. కానీ ఇక్కడున్న పద్ధతి ఇదే. మనం దూరంగా ఉన్నంత మాత్రాన అది మారదు. మన బదులు ఇంకెవరో నిలబడతారు, అంతే.

మన బతుకులకి తగిలే కోర్టు వాషింగ్టన్‌లో లేదు. విడాకులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, కొట్టే భర్త నుంచి రక్షణ, అద్దె ఇల్లు ఖాళీ చేయించడం, ఇవన్నీ తేలేది కౌంటీ కోర్టు భవనంలోనే. డిపెండెంట్ వీసా మీద ఉన్న అమ్మాయికి ఉద్యోగం ఎందుకు లేదో, పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం అత్తగారి లాకర్‌లో ఎందుకుందో, తెలుగు తప్ప మరో భాష రాని తల్లి సాక్ష్యం చెప్పాల్సి వస్తే హిందీ దుబాసీ ఎందుకు సరిపోడో విడమరచి చెప్పక్కర్లేని జడ్జి ఉంటే ఎంత తేడా! తీర్పు మనవైపు రావాలని కాదు. విషయం అర్థమైన తర్వాత రావాలని.

ఈ విషయంలో మలయాళీ మిత్రులు మనకంటే ముందున్నారు. షుగర్‌ల్యాండ్ ఉన్న ఫోర్ట్ బెండ్ కౌంటీలో 2018లో జూలీ మాథ్యూ జడ్జిగా గెలిచారు, 2022లో మళ్ళీ గెలిచారు. కాసరగోడ్‌లో బీడీలు చుడుతూ చదువుకున్న సురేంద్రన్ పట్టేల్ 2007లో అమెరికా వచ్చి, ఇక్కడ మళ్ళీ బార్ పరీక్ష రాసి, 2017లో పౌరుడై, 2020 ప్రైమరీలో ఓడిపోయి, 2022లో సొంత పార్టీ ప్రైమరీలోనే సిట్టింగ్ జడ్జిని ఓడించి జిల్లా కోర్టుకి ఎన్నికయ్యారు. ఆయన యాసని ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు.

మనవాళ్ళూ లేరని కాదు. విజయవాడలో పుట్టిన జయ బాడిగను 2024 మేలో కాలిఫోర్నియా గవర్నర్ శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమించారు. అక్కడ ఖాళీలు గవర్నర్ నింపినా ఆ జడ్జి తర్వాత ఎన్నికకి నిలబడాల్సిందే. ఎవరూ పోటీకి రాకపోతే మాత్రం పేరు బ్యాలెట్ మీదికి ఎక్కదు.

టెక్సాస్‌లో జస్టిస్ ఆఫ్ ది పీస్ పదవికి లా డిగ్రీ కూడా అక్కర్లేదన్న సంగతి మన ఇంజనీర్లలో ఎందరికి తెలుసో. 20,000 డాలర్ల దాకా సివిల్ తగాదాలు, ట్రాఫిక్ టికెట్లు, అద్దె ఇళ్ళ కేసులు చూసే కోర్టు అది. పదవీకాలం నాలుగేళ్ళు. గెలిచిన మొదటి ఏడాదే 80 గంటల శిక్షణ తీసుకోవాలి. పెద్ద కౌంటీల్లో ప్రైమరీ నామినేషన్ ఫీజు 1,000 డాలర్లు. మన పెద్దలు ఒక కాంగ్రెస్ సభ్యుడి పక్కన నిలబడి ఫొటో దిగడానికి అంతకంటే ఎక్కువే ఇస్తారు కదా!

నామినేషన్లు నవంబర్, డిసెంబర్‌లలో వేస్తారు. ప్రైమరీ మార్చిలో. ఒక పార్టీకి గట్టి పట్టున్న కౌంటీలో అసలు పోటీ అక్కడే ముగిసిపోతుంది. మనం నవంబర్‌లో ఓటెయ్యడానికి వెళ్ళేసరికి మిగిలేది లాంఛనమే.

ఇక చందాల సంగతి. మన సంఘాల ఎన్నికల్లో అలవాటైన "మనవాడైతే చూసుకుంటాడు" అన్న లెక్క ఇక్కడికి తేవద్దు. రాబోయే కేసులో ఫలానా తీర్పు ఇస్తానని అభ్యర్థి మాట ఇవ్వకూడదు. దగ్గర బంధువు కేసు తన ముందుకొస్తే తప్పుకోవాలి. చెక్కు రాసేవారు ఆ డబ్బుకి బదులుగా ఏమీ రాదని తెలిసే రాయాలి. చందాదారుల పేర్లు దాచేవి కావు, ఎవరైనా చూడవచ్చు. ఏదో ఒకరోజు మీ కేసు ఆ జడ్జి ముందుకు వస్తే, ఎదుటి పక్షం లాయరు మొదట తిరగేసేది ఆ జాబితానే.