లీజు పొడిగింపు నోటిమాటతో చెల్లదు



మా యానాంలో మేడ వాటాలు లీజుకు పుచ్చుకొన్నవారు కొందరు, గడువు తీరినను "ఫ్రాన్సులోనున్న యజమాని ఫోనులో సరేనన్నారు" అని నిశ్చింతగా నుందురు. దస్తావేజుల నకళ్లు వ్రాసి రిటైరైన గుమాస్తాను నేను. నాకా నిశ్చింత లేదు. మా ప్రక్క వాటావారు సొంత సొమ్ముతో మోటారు పెట్టించి, వంటగది బాగుచేయించుకొనిరి. యజమాని గతించగా కుమారులు ఖాళీ చేయుమనిరి. చూపుటకు చీటీ ముక్కయైనను లేదు.

ఫ్రెంచివారి కాలపు పద్ధతులు పోయి, 1968 చట్టముతో ఆస్తి బదిలీ చట్టము ఇచ్చటికి వచ్చినది. దాని 107వ సెక్షను ప్రకారము ఏడాదికి మించిన లీజునకు రిజిస్టరు దస్తావేజు ఉండవలెను. గడువు దాటిన పిదప యజమాని అద్దె పుచ్చుకొన్నచో కాపురమునకిచ్చిన లీజు సాధారణముగా నెలవారీదగును. పదునైదు రోజుల నోటీసు చాలును. 1969 నాటి అద్దె నియంత్రణ చట్టము కొంత అండయే గాని, మిగిలిన సంవత్సరములకు హామీ కాదు.

"కోరినచో మరల లీజు ఇవ్వబడును" అను షరతు నమ్ముకొనువారు మరికొందరు. అట్టి పునరుద్ధరణకు క్రొత్త దస్తావేజు కావలెనని 2003లో సుప్రీంకోర్టు లాల్జీ టాండన్ కేసులో చెప్పినది. షరతు హక్కునిచ్చును, దస్తావేజు నీయదు!

కావున గడువునకు ఆరు మాసముల ముందే యజమానికి వ్రాయవలెను. దూరదేశమున నున్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయమున ధ్రువీకరించిన పవరునామా పంపవచ్చును. పుదుచ్చేరి ప్రభుత్వమువారు లీజు పొడిగింపు నమూనా పత్రమును తెలుగులో అచ్చు వేయించి, యానాంలో అందరికిని అందునట్లు చేయ గోరుచున్నాను.

— ఒక రిటైర్డు గుమాస్తా, యానాం