పటం ఎవరి బీరువాలో ఉంది?

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. సంతోషించినవాళ్లలో మేమూ ఉన్నాం. కానీ కలెక్టరు కుర్చీతో పోటీపడి ఊరి చుట్టూ వెంచర్ల హద్దురాళ్లు లేచాయి. కేసీ కెనాల్ కింద వరి పండిన నేలలో రాయి పాతినవాడికి ముందే ఏదో తెలుసు. అమ్మిన రైతుకు తెలియదు.

ఆ తెలిసినదాని పేరు మాస్టర్ ప్లాన్. అదేం బ్రహ్మవిద్య కాదు, ఊరి పటం మీద రంగులు. ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, సేద్యానికి ఆకుపచ్చ. ఆకుపచ్చ పసుపైతే ఎకరాల లెక్క పోయి సెంట్ల లెక్క వస్తుంది. ముందు చూసినవాడు కోటీశ్వరుడు. చూడనివాడు తన పొలంలో లేచిన అపార్టుమెంటుకే వాచ్‌మన్.

చట్టంలో దాపరికం లేదు. 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం కింద భూ వినియోగం మార్చాలంటే ముసాయిదా గెజిట్‌లో వేసి అభ్యంతరాలు అడగాలి. గోస్పాడు రైతు గెజిట్ ఎక్కడ చదువుతాడయ్యా? 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ అయితే అడగకముందే చెప్పమంటుంది. అడిగినా 'ఫైలు పైన ఉంది' అనే జవాబే మేం విన్నాం. పైన అంటే అహోబిలం కొండ మీదనేమో! అమరావతి ముసాయిదా ప్లానును 2015 డిసెంబరులో జనం ముందుంచి అభ్యంతరాలు తీసుకున్నారు. కుందూ ఒడ్డున కంప్యూటర్లు పనిచేయవా?

నంద్యాలలో మద్దిలేరు ఉంది, చామకాలువ ఉంది. 2019 సెప్టెంబరు వానలకు మహానంది గుడిలోకే నీళ్లొచ్చాయి. వాగు హద్దు ఎంతవరకో తెలియకుండా మూడు సెంట్లు కొన్న ఆటోడ్రైవరు వరదలో తెలుసుకోవాలా? అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణ అని 2007లో ఒకసారి, 2020లో మళ్లీ స్కీము పెట్టారు. డబ్బు కట్టమన్నది ప్లాటు కొన్నవాణ్ని. లేఅవుట్ వేసినవాడు ఇంకో వెంచరులో ఉన్నాడు.

1906లో పుట్టి, నరసింహ పత్తినిచ్చిన వ్యవసాయ పరిశోధనా స్థానం భూమిలో 50 ఎకరాలు వైద్య కళాశాలకు ఇవ్వాలన్నప్పుడు రైతులు రోడ్డెక్కారు, హైకోర్టుకూ వెళ్లారు. 2023లో నంద్యాల కళాశాల మొదలైంది. కళాశాల మాకూ కావాలి. ఊరి చుట్టూ సర్కారు భూమి ఎక్కడెక్కడ ఎంత ఉందో జాబితా ముందే జనం చేతిలో ఉంటే, ఆ 50 ఎకరాలు ముట్టకుండా మరోచోటు చూపేవాళ్లం కదా?

ఆళ్లగడ్డ సంగతి ఇంకో తీరు. అక్కడి రాతి శిల్పాలకు జిఐ గుర్తింపు ఉంది. ఉలి చప్పుడు, రాతి దుమ్ము, పక్కనే పిల్లల మంచం. శిల్పి ఇల్లు పసుపా, ఊదానా? ఊదా వేస్తే కాపురం తప్పు, పసుపు వేస్తే ఉలి తప్పు. ముసాయిదా కళ్లబడితే తన గోడు తాను చెప్పుకుంటాడు. రంగు ఖాయమయ్యాక చదువుకోవడానికి నోటీసే మిగులుతుంది.

మేం అడిగేది చిన్నది. రెండు ఊళ్ల పటాలు సర్వే నెంబర్లతో, తెలుగులో, మున్సిపల్ ఆఫీసు బయటిగోడకు కొట్టండి. రంగు మారిన ప్రతిసారీ ఎవరు అడిగితే మారిందో పక్కన రాయండి. మేకులు మేమే తెస్తాం.