వినుటయే తొలిపాఠము

మార్కాపురము పలకలకు పెట్టినది పేరు. అచటి గనులలో తీసిన రాతిపలకలపై తెలుగుబిడ్డలు తరతరములుగా ఓనమాలు దిద్దిరి. పలకపై బలపముతో వ్రాసిన అక్షరము ఎదుట నున్నవానికే కనబడును. కంటికి కనబడక, కొండలు దాటి, దూరదేశమున నున్నవాని చెవిని చేరు పలుకులును కలవు. అవి రేడియో తరంగములపై పయనించునవి. ఆ విద్యకును ఓనమాలు కలవు. వాటిని క్రమముగా దిద్దినవారికే అది పట్టుబడును.

లాభాపేక్ష లేక, విద్యాభిలాషతో, ప్రభుత్వానుమతి పొంది, స్వంత రేడియో కేంద్రము నుండి ఇతరులతో సంభాషించుటకు అమెచ్యూర్ రేడియో అని పేరు. దీనినే హామ్ రేడియో అనియు, దీని నభ్యసించినవారిని హామ్‌లనియు అందురు. ఆకాశవాణిలో ఒకరు పలుకగా లక్షలమంది విందురు. కాని వినువారు బదులు పలుకజాలరు. హామ్ రేడియోలో ప్రతివాడును వక్తయే, ప్రతివాడును శ్రోతయే. 2025 జూలైలో భారతీయ వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము నుండి మన దేశపు విద్యార్థులతో ముచ్చటించినది ఈ సాధనము ద్వారానే.

“చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ ప్రయాస యెందులకు?” అని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న సహేతుకమైనదే. కాని సెల్‌ఫోనులోని మాట తనంత తాను పోవునది కాదు. దానికి టవరు కావలెను. టవరునకు విద్యుత్తు కావలెను. ఒక టవరును మరియొక దానితో కలుపు మార్గము కావలెను. వీనిలో ఏ యొక్కటి తెగినను ఫోను మూగవోవును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను తాకినపుడు విశాఖపట్టణమంతటి మహానగరములోనే ఫోనులు పలుకకపోయెను.

అంతకు పదేండ్లు ముందు జరిగిన సంగతి ఇంకను గుర్తుంచుకొనదగినది. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అను సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ అను మహిళ నాయకత్వమున కొందరు హామ్‌లు 2004 డిసెంబరులో అండమాను దీవులకు వెళ్ళి, పోర్టుబ్లెయిరులో రేడియో కేంద్రమును నెలకొల్పిరి. ప్రపంచములోని హామ్‌లతో సంభాషించుటయే వారి ఉద్దేశము. డిసెంబరు 26వ తేదీ ఉదయమున భూమి కంపించెను, సునామీ దీవులను ముంచెత్తెను, వార్తామార్గములు తెగిపోయెను. అంతవరకు వినోదమునకు ఉపకరించిన ఆ కేంద్రము ఆనాటి నుండి ఆర్తుల వార్తలను ప్రధాన భూభాగమునకు చేరవేయు సేవాకేంద్రమయ్యెను. ఆపద వచ్చిన పిదప వారు ఆ విద్య నేర్వలేదు. ముందే నేర్చియుండిరి గనుకనే ఆపదలో అక్కరకు వచ్చిరి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువారికి నీరు దొరకదు గదా!

ఈ విద్య నగరవాసులకే గాని, నల్లమల యంచున నున్న గిద్దలూరు, కంభము, మార్కాపురము, దోర్నాల ప్రాంతములవారికి కాదను తలంపు కొందరికి కలదు. అది పొరపాటు. అతి హ్రస్వములైన తరంగములు వెలుతురువలె తిన్నగా పోవును; కొండ అడ్డువచ్చినచో ఆగిపోవును. కాని సుమారు 7 మెగాహెర్ట్‌జ్ తరంగములు పైకెగసి, వందల కిలోమీటర్ల ఎత్తున నున్న అయనోస్ఫియరు అను పొరను తాకి, తిరిగి నేలకు వంగును. కావున గిద్దలూరులో పలికిన మాట నల్లమల నెక్కకయే, ఆకాశము మీదుగా ఆవలి నంద్యాలలో దిగగలదు. ఈ తరంగములు పగలు కొన్ని వందల కిలోమీటర్లును, రాత్రివేళ అంతకు మిక్కిలి దూరమును పోవును.

ఈ ప్రాంతమునకు మరియొక అనుకూలత కూడ కలదు. నగరములలో మోటారులు, విద్యుద్దీపములు, ఛార్జరులు పుట్టించు అలజడిలో దూరపు సన్నని స్వరము మునిగిపోవును. పల్లెలో ఆ రొద తక్కువ. రెండు వేపచెట్ల నడుమ, ఒక్కొక్కటి సుమారు 10 మీటర్ల పొడవు గల రెండు రాగితీగలను కట్టినచో 7 మెగాహెర్ట్‌జ్‌నకు తగిన ఏరియల్ ఏర్పడును. వెనుకబాటుగా ఎంచబడు ఏకాంతమే రేడియో విద్యార్థికి సంపద.

అయినచో మొదట చేయవలసినదేమి? చాలమంది ముందుగా మాటలాడు యంత్రమును కొనుటకు తొందరపడుదురు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, అనుమతి లేనిదే కొనిన ఆ యంత్రము వలన ప్రయోజనము లేదు సరికదా, దానిని వాడుట నేరము కూడ. పన్నెండేండ్లు నిండిన బాలబాలికలు భారత ప్రభుత్వమువారి పరీక్ష వ్రాసి అనుమతి పొందవచ్చును. విద్యుత్తు, రేడియో సూత్రములు, నియమములు అందలి పాఠ్యాంశములు. ఎనిమిదవ తరగతి విద్యార్థికి అవి అందరాని పండ్లు కావు.

పరీక్షకు చదువుచునే చేయవలసిన సాధన యొకటి కలదు, అది వినుట. అనుమతి గల హామ్ చెంత కూర్చుండి, ఆయన మాటలాడు తీరును కొన్ని నెలలు శ్రద్ధగా వినవలెను. పిలుపు ఎట్లు పంపుదురు, తమ గుర్తును ఎట్లు తెలుపుదురు, ఎదుటివాని వంతు వచ్చువరకు ఎట్లు వేచియుందురు అనునవి వినుటచేతనే పట్టుబడును. సామాన్యముగా మాటలాడు మీటను నొక్కినంతసేపు ఎదుటివాని మాట వినబడదు. ఇద్దరు ఒకేసారి పలికినచో ఇద్దరి మాటలును చెడును. ఇచట వ్యాపారపు బేరములు కూడవు, పాటలు వినిపించరాదు, రహస్యభాష పనికిరాదు. ఎవ్వరైనను వినగల చోట మర్యాదగా, క్లుప్తముగా, సత్యముగా మాటలాడుట అలవడును. ఈ శిక్షణ రేడియోకే గాక జీవితమునకును పనికివచ్చును.

కావున పశ్చిమ ప్రకాశ ప్రాంతపు ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయు డొక్కడైనను ఈ అనుమతి పొంది, వారమునకొక సాయంకాలము పిల్లలచే వినిపించుట ఎంతయు మేలు. ఆ పిల్లలలో పదిమంది మానుకొనినను, నిలిచిన ఒక్కడు చాలును. ఏదో యొకనాడు తుఫానుకు తీగలు తెగి, ఫోనులు మూగవోయి, కొండ యావలి గూడెము నుండి ఒక సన్నని స్వరము సహాయము కోరినపుడు, దానిని గుర్తించుటకు అలవాటుపడిన చెవి యొకటి ఈవల ఉండవలెను.