శుభలేఖలకు కూడా తరగతులా?



పెళ్ళిళ్ళ కాలం వచ్చేసరికి బ్రాంచి కార్యాలయానికి వచ్చే మన సహచరుల చేతుల్లో తరచుగా రెండు కాగితాలు కనిపిస్తాయి. ఒకటి సొసైటీ అప్పు దరఖాస్తు, దానిపై జామీను సంతకం కావాలి. రెండవది శుభలేఖ. మొదటి కాగితానికి రెండవ కాగితం ఎంతవరకు కారణమన్న ప్రశ్నను మనం సభల్లో ఎన్నడూ చర్చించలేదు. కరువు భత్యం గురించి గంటలకొద్దీ మాట్లాడతాము. ఆ భత్యం పెరిగిన నెలలోనే అది ఏ దుకాణానికి చేరుతున్నదో మాట్లాడటానికి మొహమాటపడతాము.

గత శీతకాలంలో ఒక ట్రాక్ మెయింటెయినర్, పాత మాటలో గ్యాంగ్‌మన్, తన కుమార్తె వివాహానికి నన్ను పిలవడానికి వచ్చినాడు. నా చేతిలో పెట్టినది పత్రిక కాదు, పెట్టె. మఖమలు అతికించిన అట్ట, మూత మీద లోహపు వినాయకుడు, లోపల జీడిపప్పు పొట్లం, దాని క్రింద బంగారు రంగు అక్షరాలతో నాలుగు దళసరి కార్డులు. ఒక్కొక్క పెట్టె ఖరీదు 120 రూపాయలు. అటువంటివి 150 చేయించినాడు. అధికారులకు, సూపర్‌వైజర్లకు, వియ్యాలవారి వైపు పెద్దలకు, యూనియన్ నాయకులకు అవి. తక్కిన 250 మందికి 12 రూపాయల పలుచని కార్డు. పదిహేనేళ్ళుగా అదే గ్యాంగులో, అదే ఎండలో అతనితోపాటు పని చేసిన సహచరునికి ఆ పలుచని కార్డే దక్కింది. మొత్తం 21,000 రూపాయలు. అంతా మాట్లాడిన తరువాత, తలవంచుకొని, సంచిలో నుండి సొసైటీ దరఖాస్తు బయటకు తీసినాడు.

ఏడవ వేతన సంఘం ప్రకారం 2016 నుండి అమలైన కనీస మూలవేతనం 18,000 రూపాయలు. అది చాలదని, 26,000 కావాలని ఆ సంవత్సరం సమ్మె నోటీసు దాకా వెళ్ళినవాళ్ళం మనం. ఆ 150 పెట్టెల ఖరీదు సరిగ్గా 18,000! చాలదని పోరాడిన ఒక నెల కనీస మూలవేతనాన్ని అట్టపెట్టెల రూపంలో పంచిపెట్టినాము. అందులోనూ ఎవరికి? ఆ అధికారి ఆ పెట్టెను ఆ సాయంత్రమే అటెండరుకు ఇచ్చివేస్తాడు. జీడిపప్పు మాత్రం మిగుల్చుకుంటాడేమో.

రైళ్ళలో మూడవ తరగతి 1974లోనే రద్దయింది. మన శుభలేఖల్లో అది ఇంకా నడుస్తున్నది.

ఇతరులను విమర్శించేముందు ఆత్మవిమర్శ చేసుకోవడం మన సంప్రదాయం. నా పెద్ద కుమార్తె పెళ్ళికి నేనూ రెండు రకాల పత్రికలు వేయించినాను. మా బ్రాంచిలో పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరికి పొరపాటున పెద్ద కార్డు అందింది. ఆయన దానిని తెచ్చి నా బల్లమీద పెట్టి, “నాకు రావలసినది రెండో రకం కదా, మార్చి ఇవ్వు బాబూ” అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. ఆ మాట నేటికీ నన్ను వదలలేదు.

ఇంతకూ పత్రిక చూసి పెళ్ళికి వచ్చేదెవరు? మన ఇళ్ళల్లో పిలుపు అంటే ఆడవాళ్ళు గడప గడపకూ వెళ్ళి బొట్టు పెట్టి పిలవడం. పెళ్ళికి రాని బంధువు “మమ్మల్ని బొట్టు పెట్టి పిలవలేదు” అని అలుగుతాడు కానీ, “కార్డు మూడు వందల గ్రాముల మందం లేదు” అని అలిగినవాడిని నేను చూడలేదు. పత్రిక పని జ్ఞాపకం చేయడం. ఎవరి పిల్ల, ఎవరి పిల్లవాడు, ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, విందు ఎప్పుడు. ఇంతే. నాలుగు మూలలా పసుపు రాస్తే తెల్లకాగితమైనా శుభలేఖే అవుతుంది. వివాహ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఆధారంగా పత్రిక అడిగినప్పుడు కూడా దాని ఖరీదు ఎవరూ అడగరు.

ఇంకొక మాట. పత్రికలో వరుని పేరు ప్రక్కన కుండలీకరణాల్లో అతని ఉద్యోగం, శాఖ, హోదా అచ్చువేయించే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. వధువు చదువు మాత్రం చాలా చోట్ల కనిపించదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఈ కుండలీకరణాలు ఆ చట్టం కళ్ళెదుటే తగిలించిన ధరల పట్టీ కాక మరేమిటి? హోదాలు తీసివేస్తే పత్రికలో రెండు వరుసలు తగ్గుతాయి, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, ముసలివాళ్ళు అద్దాలు లేకుండా చదువుకుంటారు.

“అయితే మనమే ఎట్లా తయారు చేసుకుంటాము, అది ప్రెస్సువాళ్ళ పని కదా” అనేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1974 మే 8న ప్రారంభమై ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెలో మన పెద్దలు స్టెన్సిలు కోసి, సైక్లోస్టైలు యంత్రం తిప్పి, రాత్రికి రాత్రి వేలకొద్దీ కరపత్రాలు తీసినారు. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో కూడా ఆ సిరా మరకలు నా చొక్కాలకు ఉండేవి. యాజమాన్యానికి జవాబు చెప్పే కరపత్రాన్ని స్వహస్తాలతో తీసిన తరగతికి, పిల్ల పెళ్ళికి నాలుగు వందల కార్డులు తీయడం అసాధ్యమా?

నా రెండవ కుమార్తె పెళ్ళికి చేసినది చెబుతాను. మా ఊరి ధరలు ఇవి, మీ ఊళ్ళో కొంత అటూ ఇటూ ఉండవచ్చు. ఎ4 సైజులో 250 గ్రాముల దళసరి కాగితం 200 షీట్లు తెచ్చినాము, షీటు 6 రూపాయలు. ఒక షీటులో రెండు పత్రికలు వచ్చేటట్లు మా అబ్బాయి కంప్యూటరులో కూర్చినాడు. నలుపు ముద్రణకు జిరాక్సు దుకాణంలో షీటుకు 2 రూపాయలు. అక్కడే గిలెటిన్ మీద మధ్యకు కోయించడానికి 50. కవర్లు నాలుగు వందలు, ఒక్కొక్కటి రూపాయిన్నర. అంతా కలిపి 2,250 రూపాయలు. పసుపు మా ఇంట్లోది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరుగురం కూర్చొని పసుపు రాసి, కవర్లలో పెట్టినాము. ముగ్గులు బాగా వేసే మా మేనకోడలు మూలన ఒక తీగ గీసింది. దానినే స్కాను చేసి అంచుగా వేసినాము. జనరల్ మేనేజరు కార్యాలయానికి వెళ్ళినదీ, మా పారిశుధ్య కార్మికురాలికి ఇచ్చినదీ ఆ ఒక్క కార్డే.

జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. తెలుగు ఫైలును ఒక యంత్రంలో కూర్చి మరొక దుకాణంలో తెరిస్తే ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదరవుతాయి. అందుచేత పి.డి.ఎఫ్. చేసి తీసుకువెళ్ళండి. తేదీకీ వారానికీ పొంతన ఉన్నదో లేదో, ముహూర్తం పగలో రాత్రో, తెల్లవారుజామున అయితే ఏ తేదీ కింద వస్తుందో పంచాంగం, కాలెండరు రెండూ ప్రక్కన పెట్టుకొని చూడండి. పెళ్ళివారు కాని ఇద్దరిచేత ప్రూఫు చదివించండి. మా తొలి ప్రూఫులో వియ్యంకుని ఇంటిపేరే తప్పు పడింది. ఇంట్లోవాళ్ళం నలుగురం చదివినా ఎవరికీ కనిపించలేదు!

తపాలా సోదరులకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు కానీ రైల్వే సోదరుల కోసం వ్రాస్తున్నాను. ఉత్తరానికి ప్రతి 20 గ్రాములకు 5 రూపాయల బిళ్ళ. 80 గ్రాముల మామూలు ఎ4 కాగితం ఒకటి 5 గ్రాములు తూగుతుంది. 250 గ్రాముల కార్డు సగం షీటు 8 గ్రాముల లోపు. కవరుతో సహా హాయిగా ఒక్క బిళ్ళతో పోతుంది. అదే 300 గ్రాముల పూర్తి షీటైతే దాదాపు 19 గ్రాములు, కవరు చేరగానే రెండవ బిళ్ళ అంటించాలి. పోస్టుకార్డు మీద అచ్చు వేయిస్తే అది ముద్రిత కార్డు అవుతుంది, 6 రూపాయలు. చేతితో వ్రాస్తే 50 పైసలే. చేతివ్రాతకు ప్రభుత్వం ఇంత విలువ ఇచ్చిన సందర్భం మరొకటి నాకు తెలియదు. దూరాన ఉన్న ముప్పై మంది పెద్దవాళ్ళకు ఇంటివారు తలా నాలుగు కార్డులు వ్రాస్తే సరిపోతుంది, అందుకున్నవారు దాచుకుంటారు కూడా.

ఒక తపాలా మిత్రుడు తన కుమారుని పెళ్ళి పత్రికలను ప్రైవేటు కొరియరులో పంపించినాడు. పెట్టెలు మన సంచిలో నలిగిపోతాయని కారణం చెప్పినాడు. మన శాఖను ప్రైవేటుపరం చేయవద్దని అతనే ధర్నాలో నినాదం ఇచ్చినాడు. ఈ విషయం మీద ఇంతకన్న వ్రాయను.

“ఫోనులో పంపితే ఆ ఖర్చు కూడా లేదు కదా” అని యువ కామ్రేడ్లు అంటారు. నిజమే, పంపండి. ఆ ఫోను పత్రికకు కూడా పాట, వీడియో, కదిలే బొమ్మలు చేర్చి వేలు గుంజే దుకాణాలు వెలిశాయన్నది మరువవద్దు. 2024 నుండి పెళ్ళి పత్రిక పేరుతో ఏ.పి.కె. ఫైలు పంపి బ్యాంకు ఖాతాలు దోచే మోసాల గురించి పోలీసులు హెచ్చరిస్తున్నారు. మామూలు బొమ్మగానే పంపండి, అటువంటి ఫైలు వస్తే తెరవకండి.

ముద్రణ కార్మికుని కడుపు కొట్టమంటున్నానని ఎవరైనా అనవచ్చు. అయిదారు వందలు దాటితే జిరాక్సుకన్న ఆఫ్‌సెట్ చౌక. ప్లేటు ఖర్చు వందకైనా వేయికైనా ఒకటే కాబట్టి. అప్పుడు మీ వీధిలోని చిన్న ప్రెస్సుకే, ఒకే రంగులో, ఇవ్వండి. ఆ డబ్బు యంత్రం మీద పని చేసినవానికి దగ్గరగా చేరుతుంది. పెట్టె కార్డులో ఎక్కువ భాగం షోరూము అద్దెకూ దాని యజమాని లాభానికీ పోతుంది.

2004 జనవరి 1 తరువాత చేరినవారి సంగతి మరింత ఆలోచించవలసినది. వారికి వెనుకటి ప్రావిడెంటు ఫండు లేదు. కొత్త పింఛను పథకంలో పిల్లల పెళ్ళికి తీసుకోగలిగినది తాము కట్టిన చందాలో 25 శాతం మాత్రమే. తీసుకున్నది ముసలితనపు కూడులోనుంచి తీసుకున్నదే. పాత పింఛను కోసం ఒక ప్రక్క పోరాడుతూ, ఉన్న ఆ కాస్తనూ మఖమలు పెట్టెలకు పోయడం ఏమి న్యాయం?

మా బ్రాంచి కార్యవర్గం ఈ విషయమై ఒక నిర్ణయం చేసింది. రెండు రకాల పత్రికలు పంచిన పెళ్ళికి కార్యవర్గ సభ్యులు వెళ్ళినా, పెద్ద రకం పత్రికను చేత పుచ్చుకోరు. చిన్నదే అడిగి తీసుకుంటారు. ఖరగ్‌పూర్ నుండి గుంతకల్లు దాకా తక్కిన బ్రాంచీలు కూడా చర్చించి తమ అభిప్రాయం వ్రాయవలసినదిగా కోరుతున్నాను. నేను మొదట చెప్పిన ట్రాక్ మెయింటెయినర్ రెండవ కుమార్తెకు కూడా సంబంధం కుదిరింది. మొన్న వచ్చి కాగితం ఎక్కడ కొనాలో అడిగినాడు. కంప్యూటరు, స్కేలు, కత్తెర బ్రాంచి కార్యాలయంలోనే ఉన్నవి, శనివారం డ్యూటీ దిగి రమ్మని చెప్పినాను.